పద్నాలుగు వేల కిలోమీటర్లు సరే, ప్రయాణం ఎన్ని గంటలు?

సంపాదకులు గారికి,

నమస్కారం. హైదరాబాద్ నుంచి అమెరికాలోని డల్లాస్ ఎంత దూరం, విమానంలో ఎన్ని గంటలు పడుతుంది అని ఫోన్‌లో వెతికితే క్షణంలో జవాబు వస్తుంది: 14,400 కిలోమీటర్లు, 16 గంటలు. పత్రికల్లో వచ్చే సమాచార పెట్టెల్లోనూ అప్పుడప్పుడూ ఇవే అంకెలు కనిపిస్తాయి. దూరం సరైనదే. గంటల లెక్కే ఎవరికీ పనికిరాదు. ఆ 16 గంటలు ఏ విమానమూ ఎగిరి చూపించినవి కావు, 14,400ను 900తో భాగిస్తే వచ్చినవి. అసలు హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానమే లేదు.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ కూతురి పురిటికో, మనవడి బారసాలకో మొదటిసారి విమానం ఎక్కే అమ్మానాన్నలు ఈ అంకెను నమ్ముకునే సర్దుకుంటారు. ఒక పగలుకు సరిపడా మాత్రలు చేతిసంచిలో వేసుకుని, మిగతావన్నీ పెద్ద సూట్‌కేసులో పెట్టేస్తారు. హైదరాబాద్‌లో ఇంటి గడప దాటినప్పటి నుంచి డల్లాస్ శివార్లలోని ఫ్రిస్కోలో కొడుకు ఇంటి గడప ఎక్కే వరకు 30 గంటలు పడుతుంది. కరీంనగర్ నుంచో, విజయవాడ నుంచో బయల్దేరితే 35 గంటల దాకా. 16కూ 35కూ మధ్య ఉన్న తేడాలో రెండు పూటల బీపీ మాత్రలు, రెండు మూడు పూటల షుగర్ మందులు, ఒక రాత్రి నిద్ర ఉన్నాయి. అందుకే ఈ లెక్కను విడమరిచి రాస్తున్నాను.

ముందు దూరం సంగతి. ఈ లెక్కకు కంప్యూటర్ అక్కర్లేదు. హైదరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరంగా 17 డిగ్రీల మీద, డల్లాస్ 33 డిగ్రీల మీద ఉన్నాయి. రేఖాంశం చూస్తే హైదరాబాద్ తూర్పుకు 78 డిగ్రీలు, డల్లాస్ పడమరకు 97 డిగ్రీలు. రెండూ కలిపితే 175. అంటే భూగోళానికి ఇంచుమించు అటు ఒక వైపు మనం, ఇటు ఒక వైపు వాళ్లు. ఇలా ఎదురెదురుగా ఉన్న ఊళ్ల మధ్య దగ్గరి దారి ధ్రువం పక్క నుంచి పోతుంది. హైదరాబాద్ నుంచి ఉత్తర ధ్రువానికి 90లో 17 తీసేస్తే 73 డిగ్రీలు. ధ్రువం నుంచి డల్లాస్‌కు 90లో 33 పోగా 57. మొత్తం 130 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు కాబట్టి 14,430. కంప్యూటర్ చెప్పే అంకెకు 10, 20 కిలోమీటర్ల తేడా కూడా ఉండదు.

గోడకు వేలాడే పటంలో చూస్తే ఇది నమ్మబుద్ధి కాదు. పటంలో డల్లాస్ మనకు పడమర దిక్కున, అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి ఎక్కడో ఉంటుంది. పిల్లలు ఆడుకునే గ్లోబు ఒకటి తీసుకుని, హైదరాబాద్ మీద దారం కొస పెట్టి, రెండో కొసను డల్లాస్ మీద పెట్టి బిగించి లాగి చూడండి. దారం పడమరకు పోదు. ఇంచుమించు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీని తాకుతూ, కారకోరం పర్వతాల్లో కే2 శిఖరం చుట్టుపక్కల దాటి, కిర్గిజ్‌స్థాన్, కజకిస్థాన్, సైబీరియాల మీదుగా ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గరకు వెళ్లి, అక్కడి నుంచి కెనడా మంచుదీవుల మీదుగా అమెరికా నడుమ ఉన్న మైదానాల్లోకి దిగుతుంది. ఆ దారం పొడవే 14,400 కిలోమీటర్లు.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ దారం వెంట ప్రయాణికుల విమానం వెళ్లలేదు. మొదటి అడ్డు కొండలు. పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానం లోపల గాలి పీడనం ఎప్పుడైనా పడిపోతే, తల మీద నుంచి జారే ఆక్సిజన్ మాస్కులు మామూలుగా పావుగంట అటూఇటూగానే పనిచేస్తాయి. ఆలోపు పైలట్ విమానాన్ని 10,000 అడుగులకు, అంటే 3 కిలోమీటర్ల ఎత్తుకు దించాలి. కారకోరంలో కొండలే ఏడెనిమిది కిలోమీటర్ల ఎత్తుంటాయి. దిగడానికి చోటేదీ? కాబట్టి అలాంటి చోట్ల విమానాలు ముందే నిర్ణయించిన తప్పించుకునే దారులు దగ్గర్లో ఉన్న మార్గాల్లోనే వెళ్తాయి. రెండో అడ్డు ఆకాశం మీద హక్కులు. ప్రతి దేశం తన గగనతలాన్ని తెరుస్తుంది, మూస్తుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి అమెరికా, యూరప్ సంస్థల విమానాలకు రష్యా మీదుగా దారి లేదు. మన దేశపు విమానాలకు రష్యా దారి ఉంది గానీ 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్థాన్ దారి మూసుకుపోయింది. అంతకుముందు 2019లోనూ ఫిబ్రవరి నెలాఖరు నుంచి జులై 16 దాకా ఇలాగే మూతపడింది.

మూడోది ధ్రువం. అక్కడ ఎగరడం అసాధ్యం కాదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిరిండియా నడిపిన తొలి నాన్‌స్టాప్ విమానం ధ్రువం మీదుగానే వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో కాక్‌పిట్‌లో ఉన్న నలుగురూ మహిళలే. కానీ ఆ దారికి ఏర్పాట్లు వేరు. ఉత్తరంగా 82 డిగ్రీల అక్షాంశం దాటాక భూమధ్యరేఖ పైన ఉండే సమాచార ఉపగ్రహాలు అందవు. చాలా దూరం వినిపించే పాతకాలపు హెచ్‌ఎఫ్ రేడియో మీద ఆధారపడాలి. బయటి చలికి రెక్కల్లోని ఇంధనం గడ్డకట్టే హద్దుకు చేరకుండా కనిపెట్టుకుని ఉండాలి. మన దగ్గర నింపే జెట్ ఎ-1 ఇంధనానికి ఆ హద్దు మైనస్ 47 డిగ్రీలు, అమెరికాలో నింపే జెట్ ఎ రకానికి మైనస్ 40. ఇంజిన్‌లో తేడా వస్తే దిగడానికి తగిన రన్‌వే కూడా దగ్గర్లో ఉండాలి. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానం ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగాల్సి వచ్చింది. అందులోని 216 మంది ప్రయాణికులు మరో విమానం వచ్చే వరకు ఆ చిన్న ఊళ్లో తలదాచుకున్నారు. దూరపు దారుల్లో విమానం ఎక్కడ దిగగలదు అన్నది కాగితం మీది లాంఛనం కాదు.

అందుకే మనవాళ్లు డల్లాస్‌కు నడుమ ఎక్కడో ఒకచోట దిగి, విమానం మారి వెళ్తారు. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. దుబాయ్ మీదుగా వెళ్తే చుట్టుదారి అనీ, లండన్ మీదుగా అయితే బాగా దగ్గర అనీ అంటుంటారు. గ్లోబు మీద కొలిస్తే హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డల్లాస్ 12,900 పైచిలుకు. మొత్తం సుమారు 15,500. దోహా మీదుగా అయితే 2,900, ఆపైన 12,750, మొత్తం 15,650. లండన్ మీదుగా 7,750, ఆపైన 7,630, మొత్తం 15,400 లోపు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లినా మొత్తం లండన్ దారి అంతే. నాలుగు దారుల మధ్య తేడా 300 కిలోమీటర్లు దాటదు. అంటే విమానానికి ఇరవై నిమిషాలు. కాబట్టి దూరం చూసి దారి ఎంచుకోవడంలో అర్థం లేదు. చూడాల్సింది నడుమ ఆగే సమయం, విమానం మారే చోట ఉన్న వసతి, వీసా నిబంధన. తూర్పుగా హాంకాంగ్ మీదుగా వెళ్తే మాత్రం 16,800 కిలోమీటర్లు. అది నిజంగానే చుట్టు. అయినా ఆ దారిలోనూ ఒక లాభం ఉంది, కింద చెబుతాను.

దూరానికీ కాలానికీ లంకె తెంపేది గాలి. విమానం దాని చుట్టూ ఉన్న గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. కానీ ఆ గాలే కదులుతూ ఉంటుంది. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ఏరు పారుతుంటుంది. చలికాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. గోదావరిలో పడవ ఎదురేగడానికీ వాలున పోవడానికీ ఉన్న తేడా లాంటిదే ఇది. దగ్గరి దారిలోనే దీన్ని గమనించవచ్చు. శంషాబాద్ నుంచి దుబాయ్ వెళ్లడానికి టికెట్‌లో సుమారు 4 గంటలు వేస్తారు. అదే దుబాయ్ నుంచి తిరిగి రావడానికి మూడు గంటల ఇరవై, ఇరవై అయిదు నిమిషాలే. దూరం మారలేదు, గాలి మారింది.

పెద్ద దారిలో ఇది మరింత పెరుగుతుంది. దుబాయ్ నుంచి డల్లాస్ వెళ్లడానికి 16 గంటల పైమాటే. అక్కడి నుంచి దుబాయ్ రావడానికి పద్నాలుగున్నర అటూఇటూ. ఈ లెక్క ఎలా వస్తుందో చూద్దాం. గ్లోబు మీద 12,900 కిలోమీటర్లు ఉన్నా, మూసిన ఆకాశాలను తప్పించుకుంటూ, అనుకూలమైన గాలిని వెతుక్కుంటూ విమానం ఎగిరేది 13,300 దాకా ఉంటుందనుకోండి. సగటున 40 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద వేగం 860. పదిహేనున్నర గంటలు. దానికి రన్‌వే దాకా నెమ్మదిగా పాకే సమయం, పైకెక్కడం, కిందికి దిగడం, వరుసలో వేచి ఉండడం కలిపి ముప్పావు గంట. మొత్తం పదహారుంబావు. వచ్చేటప్పుడు 50 కిలోమీటర్ల వెనకగాలి దొరికితే వేగం 950. పద్నాలుగు గంటలు, పైన అరగంట.

దూరం ఎక్కువైనా కాలం తగ్గవచ్చని చూపించే నిజమైన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిరిండియా మొదట అట్లాంటిక్ దారిలో, సుమారు 13,900 కిలోమీటర్లు నడిపింది. 2016 అక్టోబరులో దాన్ని తిప్పి పసిఫిక్ మహాసముద్రం మీదుగా నడిపారు. దూరం 15,300 కిలోమీటర్లకు, అంటే 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. తూర్పుకు పోవడం వల్ల గాలి వెనక నుంచి నెట్టింది. పైన హాంకాంగ్ దారి గురించి అన్నది కూడా ఇదే. దూరం ఎక్కువైనా అటు వెళ్లేటప్పుడు గాలి సాయం ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు ఆ లాభమంతా తిరగబడుతుంది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, కిలోమీటర్లను 900తో భాగించి గంటలు రాయకూడదని చెప్పడానికి.

టికెట్‌లో రాసే గంటల గురించి కూడా ఒక మాట. అవి గాలిలో ఉండే గంటలు కావు. గేటు నుంచి విమానాన్ని వెనక్కి నెట్టిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగే వరకు లెక్క. సంస్థలు ఆలస్యాలను ముందే ఊహించి అందులో కొన్ని నిమిషాలు కలుపుకుంటాయి. అందుకే ‘అరగంట ఆలస్యంగా బయల్దేరింది, అయినా సమయానికే దిగింది’ అన్న మాట వింటుంటాం. అలాగే ‘డైరెక్ట్’ అన్న మాట చూసి మోసపోవద్దు. విమానయానంలో డైరెక్ట్ అంటే విమానం నంబరు మారదని మాత్రమే. నడుమ ఒకచోట ఆగవచ్చు, దిగి మళ్లీ ఎక్కించవచ్చు. ఎక్కడా ఆగకుండా పోయేదాన్ని ‘నాన్‌స్టాప్’ అంటారు. బుక్ చేసేటప్పుడు ఈ మాట కోసమే చూడాలి. పాకిస్థాన్ గగనతలం మూసుకున్నాక ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు వెళ్లే కొన్ని ఎయిరిండియా విమానాలు ఇంధనం కోసం వియన్నా లాంటి చోట్ల ఆగాల్సి వచ్చింది. పెద్ద బోయింగ్ 777 గంటకు ఏడు టన్నుల ఇంధనం తాగుతుంది. దారి రెండు గంటలు పెరిగితే పదిహేను టన్నులు అదనంగా మోయాలి, ఆ బరువు మోయడానికి మరికొంత ఇంధనం కావాలి. ఒక హద్దు దాటాక నడుమ దిగి నింపుకోవడం తప్ప దారి ఉండదు.

ఇక గడియారం. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. టికెట్‌లో ప్రతి సమయమూ ఆ ఊరి సమయమే. మనకూ డల్లాస్‌కూ తేడా ఏడాది పొడవునా ఒకటి కాదు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు పదిన్నర గంటలు, మిగతా నెలల్లో పదకొండున్నర. దుబాయ్ మనకు ఎప్పుడూ గంటన్నర వెనక. ఉదాహరణకు వేసవిలో ఇలా ఒక టికెట్ ఉందనుకుందాం: హైదరాబాద్‌లో శనివారం తెల్లవారుజామున 4.20కి బయల్దేరి, దుబాయ్‌లో 6.50కి దిగి, 9.00కు మరో విమానం ఎక్కి, డల్లాస్‌లో శనివారం సాయంత్రం 4.15కు దిగడం. చూడగానే పన్నెండు గంటల్లో చేరిపోయినట్టు అనిపిస్తుంది. 4.20 నుంచి 16.15కు 11 గంటల 55 నిమిషాలు. దానికి పదిన్నర గంటల తేడా కలపాలి. 22 గంటల 25 నిమిషాలు. ముక్కలుగా చూసినా అంతే: మొదటి విమానం 4 గంటలు, దుబాయ్‌లో ఆగేది 2 గంటల 10 నిమిషాలు, రెండో విమానం 16 గంటల 15 నిమిషాలు.

తిరుగు ప్రయాణంలో తీసివేయాలి. డల్లాస్‌లో శనివారం మధ్యాహ్నం 12కు ఎక్కి హైదరాబాద్‌లో ఆదివారం రాత్రి 7.25కు దిగితే గడియారంలో 31 గంటల 25 నిమిషాలు. అందులో పదిన్నర తీసేస్తే 20 గంటల 55 నిమిషాలే. సూత్రం ఒక్కటే: వెళ్లేటప్పుడు కలుపు, వచ్చేటప్పుడు తీసెయ్. టికెట్‌లో దిగే సమయం పక్కన ‘+1’ అని చిన్నగా ఉంటే మర్నాడు దిగుతారని అర్థం. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు ఈ గుర్తు చూడకపోతే ఒకరోజు ముందే విమానాశ్రయానికి వచ్చి నిలబడతారు.

అంతకంటే పెద్ద పొరపాటు శంషాబాద్‌లోనే జరుగుతుంది. గల్ఫ్ వైపు వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున బయల్దేరతాయి. టికెట్ మీద ‘శనివారం 2.30’ అని ఉంటే అది శుక్రవారం రాత్రి భోజనం చేసి బయల్దేరాల్సిన విమానం. మన అలవాటులో తెల్లారితేనే శనివారం మొదలవుతుంది. టికెట్‌కు అర్ధరాత్రి 12 దాటితే శనివారమే. ‘శనివారం రాత్రి’ అనుకుని సూట్‌కేసులతో వచ్చేసరికి విమానం వెళ్లి ఇరవై గంటలు దాటి ఉంటుంది. తప్పిపోయిన టికెట్‌కు డబ్బు తిరిగి రావడం కష్టం. ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకునేటప్పుడు విమానం తేదీ కాదు, ఇంటి నుంచి బయల్దేరే తేదీ, గంట రాసుకోండి. ఈ ఒక్క జాగ్రత్త చాలా ఇళ్లలో కన్నీళ్లు ఆపుతుంది.

ఇంటి నుంచి ఇంటికి లెక్క ఇలా వేయాలి. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు శంషాబాద్‌లో ఉండాలి. చెక్-ఇన్ కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు. నగరం నుంచి శంషాబాద్‌కు గంట, గంటన్నర. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు సుమారు 275 కిలోమీటర్లు, రోడ్డు మీద ఐదారు గంటలు. పండగ రోజుల్లో టోల్‌గేట్ల దగ్గర ఇంకో గంట. అవతల డల్లాస్‌లో దిగాక ఇమ్మిగ్రేషన్ వరుస, సామాను, కస్టమ్స్ కలిపి గంటన్నర నుంచి రెండు. అక్కడి నుంచి ఫ్రిస్కోకు 40 కిలోమీటర్లు.

నడుమ ఆగే సమయం ఎంత ఉండాలి అని అడిగితే, పెద్దవాళ్లకు నేను మూడు నుంచి నాలుగున్నర గంటలు అంటాను. గంటన్నర చాలదు. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే, టెర్మినల్ మారి, భద్రతా తనిఖీ మళ్లీ దాటేసరికి గేటు మూసేస్తారు. బోర్డింగ్ పాస్ మీద ఉన్న బయల్దేరే సమయానికి కాదు, అంతకు ఇరవై నిమిషాల ముందే గేటు మూత పడుతుంది. ఎనిమిది గంటలు దాటినా కష్టమే, కుర్చీల్లో కూర్చుని కాళ్లు వాస్తాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు వీల్‌చెయిర్ సాయం టికెట్ తీసుకునేటప్పుడే అడగాలి. అడగడానికి మొహమాటపడొద్దు. దుబాయ్, దోహా విమానాశ్రయాల్లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు కిలోమీటరు పైన నడవాల్సి రావచ్చు.

రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉండాలి. చవకని హైదరాబాద్ నుంచి దుబాయ్‌కు ఒక టికెట్, దుబాయ్ నుంచి డల్లాస్‌కు ఇంకో టికెట్ విడిగా కొంటే మూడు ఇబ్బందులు వస్తాయి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ఎవరికీ బాధ్యత ఉండదు, కొత్త టికెట్ మీరే కొనాలి. సామాను నేరుగా వెళ్లదు. దాన్ని తీసుకోవడానికి ఆ దేశంలోకి అడుగుపెట్టాలి కాబట్టి వీసా కూడా అవసరం పడవచ్చు. ఒకే టికెట్ అయితే సామాను నేరుగా అమెరికాలో మొదట దిగే ఊరి దాకా వెళ్తుంది. ‘మొదట దిగే ఊరు’ అన్న మాట గుర్తుంచుకోవాలి. షికాగోలో దిగి అక్కడి నుంచి డల్లాస్‌కు ఇంకో విమానం ఉంటే, సూట్‌కేసుల చీటీ మీద డల్లాస్ అని ఉన్నా సరే, షికాగోలోనే బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. భాష రాని పెద్దవాళ్లు ఇది తెలియక నేరుగా రెండో గేటుకు వెళ్లిపోతారు, సామాను షికాగోలో ఉండిపోతుంది. కాబట్టి తల్లిదండ్రులు ఒంటరిగా వెళ్లేటప్పుడు పది వేలు ఎక్కువైనా అమెరికాలో ఒక్క ఊళ్లోనే దిగే టికెట్ కొనమని పిల్లలకు చెబుతాను. అబుదాబి మీదుగా అయితే అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే పూర్తవుతుంది. ఆ దారి ఎంచుకుంటే నడుమ సమయం కాస్త ఎక్కువ పెట్టుకోవాలి.

మందుల విషయంలో గడియారం కాదు, గంటలు చూడాలి. పొద్దున ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి అనే అలవాటు విమానంలో చెల్లదు, అక్కడ పొద్దున అన్నదే రెండుసార్లు రావచ్చు. బయల్దేరే ముందే డాక్టరును కలిసి టికెట్ చూపించి, ఎన్ని గంటలకోసారి ఏది వేసుకోవాలో కాగితం మీద రాయించుకోవాలి. చేతికి ఉన్న గడియారం డల్లాస్ చేరేదాకా హైదరాబాద్ సమయంలోనే ఉంచితే తికమక ఉండదు. ఇన్సులిన్ ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి. కింద సామాను గదిలో చలికి అది గడ్డకట్టి పాడైపోవచ్చు. మూడు రోజులకు సరిపడా మాత్రలు, డాక్టరు చీటీతో సహా, దగ్గర పెట్టుకోవాలి. ఆకాశం ఎప్పుడు మూసుకుంటుందో ఎవరికి తెలుసు? 2025 జూన్ 23 రాత్రి ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసినప్పుడు దోహా మీదుగా వెళ్లాల్సిన వేలమంది ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు.

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నాన్‌స్టాప్ విమానం కావాలన్న కోరిక మన రెండు రాష్ట్రాల్లోనూ బలంగా ఉంది. నాదీ అదే కోరిక. ఇది ఇప్పటి విమానాలకు అందని దూరం కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఎయిర్‌బస్ ఏ350 రకం విమానం ఆగకుండా పోతోంది, టికెట్‌లో పద్దెనిమిదిన్నర గంటల పైనే. 2021 జనవరి 15న హైదరాబాద్ నుంచి షికాగోకు, 13,300 కిలోమీటర్ల దూరం, ఎయిరిండియా బోయింగ్ 777-200ఎల్‌ఆర్‌తో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. అది నిలవలేదు. ఇలాంటి దారి నిలవాలంటే అంత దూరం నిండా ప్రయాణికులతో, సామానుతో ఎగరగల విమానం సంస్థ దగ్గర తగినన్ని ఉండాలి, ఉత్తరాన ఆకాశం తెరిచి ఉండాలి, ముందు వరసల్లోని ఖరీదైన సీట్లు ఏడాది పొడవునా నిండాలి. మూడోదాని గురించి మనం తక్కువ మాట్లాడతాం. వేసవిలో, డిసెంబరులో నిండే వెనక సీట్లతోనే ఇంత ఇంధనం ఖర్చు రాదు. కొత్త విమానం వస్తోందని ఎవరు ప్రకటించినా, ఏ విమానం, వారానికి ఎన్ని రోజులు, ఏ దారిలో అని పత్రికలు అడిగితే ప్రయాణికులకు మేలు.

మీ పత్రికకు నా విన్నపం ఇది. ఏ దూరపు ఊరి గురించైనా ‘ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు’ అని రాసేటప్పుడు, నాన్‌స్టాప్ ఉందో లేదో చెప్పండి. వెళ్లే గంటలూ వచ్చే గంటలూ విడివిడిగా ఇవ్వండి. నడుమ ఆగే సమయం కలిపి మొత్తం ఎంతో రాయండి. మార్చి, నవంబరు నెలల్లో అమెరికాలో గడియారాలు మారే ఆదివారానికి ముందు రోజు, అంటే శనివారం సంచికలో, ‘రేపటి నుంచి డల్లాస్, షికాగోలకు తేడా పదిన్నర గంటలు’ లేదా ‘పదకొండున్నర గంటలు’ అని ఒక్క వరుస వేయండి. ఆ వారంలో విమానం ఎక్కేవాళ్లే కాదు, పిల్లలకు ఫోన్ చేయడానికి రాత్రి మేలుకుని కూర్చునే తల్లిదండ్రులు కూడా దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుంటారు.

ఇట్లు,
విమాన టికెట్ల బుకింగ్ పనిలో ఉన్న ఒక పాఠకుడు,
హైదరాబాద్